మొగలినూనె మొదలు మొండి క్రిముల దాకా – ఒక చారిత్రక పరిశీలన

మన పాఠశాల డెబ్బదియైదు వసంతాలు పూర్తి చేసికొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినారు. ఈ బడిలోనే చదివి, ముప్పది యేండ్లకు పైగా రసాయనశాస్త్రం బోధించి, ప్రస్తుతం విశ్రాంతి తీసికొంటున్న నాకు బడి జ్ఞాపకాలు వ్రాయుట కష్టమేమీ కాదు. కాని ఆ పనిని నాకంటె చక్కగా చేయగల సహాధ్యాయులు పెక్కుమంది ఉన్నారు. అందుచేత, కొన్నేండ్లుగా నన్ను వెంటాడుతున్న ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుటకు ఈ పుటలను వినియోగించుకొంటున్నాను. పాఠకులు మన్నింతురుగాక.

ఆ ప్రశ్న అడిగినవారు మా వదినగారు. మా అన్నగారు చాలా కాలంగా మధుమేహ రోగి. చెప్పు కరచిన చిన్న గాయం పుండైనది; పుండు పెరిగి ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చినది. చీము పరీక్ష చేసి ఇచ్చిన కాగితంలో ఒక ప్రక్క మందుల పేర్లు, వాటికెదురుగా ఒక్కొక్క ఆంగ్లాక్షరం ఉన్నవి. 'ఎస్' అని ఉంటే క్రిమి ఆ మందుకు లొంగుతుందని, 'ఆర్' అని ఉంటే లొంగదని అర్థం. ఆ కాగితం నిండా పై నుండి క్రిందికి 'ఆర్' అక్షరాలే. అడుగున రెండు మందులకు మాత్రమే 'ఎస్' ఉన్నది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వదినగారు నా ప్రక్కన కూర్చుండి అడిగినారు: "నాయనా, మన గంజాం అంతా మొగలిపూల బట్టీలే కదా. ఆ నూనె చుక్క వేస్తే ఎంతటి పురుగైనా చస్తుందని మా అమ్మ అనేది. ఇంత చదువుకున్నావు, అది పనిచేస్తుందో చేయదో చెప్పలేవా?"

"వద్దు వదినా" అని మాత్రమే అనగలిగినాను. ఎందుకు వద్దో ఆమెకు ఒక్క ముక్కలో చెప్పలేకపోయినాను. ఎందుకనగా ఆమె అడిగిన ప్రశ్నలో సగం నిజం ఉన్నది. ఆ సగం నిజం వెనుక ఎంత చరిత్ర ఉన్నదో, మిగిలిన సగం ఎందుకు నిజం కాలేదో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశం.

పరిమళ తైలాల పూర్వగాథ

నువ్వుల నూనె, వేరుశనగ నూనె వంటివి గానుగలో పిండితే వచ్చేవి. కాగితం మీద ఒక చుక్క వేస్తే మరక నిలిచిపోతుంది. మొగలి, చందనం, నిమ్మగడ్డి, లవంగం, వాము మొదలగువాని నుండి వచ్చే పరిమళ తైలాలు వేరు జాతివి. అవి గాలిలో కలసిపోయే స్వభావం గలవి. కాగితం మీద వేసిన చుక్క కొంతసేపటికి ఆవిరైపోతుంది. అందుచేతనే వాటిని నీటి ఆవిరితో బట్టీపట్టి తీస్తారు. ఒక్కొక్క నూనెలో పదుల కొలది, ఒక్కొక్కప్పుడు నూటికి పైగా వేర్వేరు రసాయన ద్రవ్యాలు కలిసి ఉంటాయి. కదలలేని మొక్క తన్ను తాను కాపాడుకొనుటకు సమకూర్చుకొన్న ఆయుధాలలో ఇవియు కొన్ని. పురుగులను తరుముటకు, బూజును, బాక్టీరియాను అడ్డుకొనుటకు కొన్ని. తుమ్మెదలను పిలుచుటకు కొన్ని.

క్రిమి అనునది కంటికి కనబడకముందే మన పూర్వులు ఈ శక్తిని అనుభవంతో కనిపెట్టినారు. గాయపడినవాడు పడుకొను గదిలో ఆవాలు, వేపాకులు, నెయ్యి, ఉప్పు కలిపి రోజుకు రెండుమారులు చొప్పున పది దినాలు ధూపం వేయవలెనని సుశ్రుత సంహిత విధించినది. బాలింత గదిలో సాంబ్రాణి, పసిబిడ్డ మొలకు వాము మూట – ఇవన్నియు ఆ అనుభవ పరంపరలోనివే.

బట్టీపట్టి పరిమళం తీయు విద్య మన దేశంలో మొగలాయీల కాలంలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. గులాబీ అత్తరును కనిపెట్టిన కీర్తిని జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో నూర్జహాన్ తల్లియైన అస్మత్ బేగమునకు కట్టబెట్టినాడు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజు నేటికిని ఈ విద్యకు పుట్టినిల్లు. రాగి డేగిసాలో పూలు, నీరు పోసి, మూతిని బంకమట్టితో మూసి, క్రింద కట్టెలతో సన్నని సెగ పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పయనించి, చల్లని నీటి తొట్టిలో ఉంచిన మరొక పాత్రలో చేరుతుంది. యంత్రం లేదు, ఉష్ణమాపకం లేదు. పనివాని చేయి, ముక్కు, అనుభవమే కొలమానాలు.

అదే రాగి డేగిసా మన గంజాం తీరానికి వచ్చినది. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి ప్రాంతాల పొలాల గట్ల మీద, వాగుల ఒడ్డున మొగలిపొదలు దట్టంగా పెరుగుతాయి. మగచెట్టు పూవే పరిమళించేది. వానకారులో తెల్లవారకముందే ముళ్ళ ఆకుల నడుమ నుండి పూలు కోసి, లెక్కపెట్టి బట్టీకి చేరవేయుట మన చిన్ననాడు నిత్యం చూచిన దృశ్యమే. పొదలో పాము ఉంటుందని మన పెద్దలు చెప్పిన భయం ఏ పూలకారునూ ఆపలేదు. అబద్ధమాడిన పాపానికి శివపూజకు పనికిరాకుండా పోయినదని పురాణం చెప్పిన ఈ పూవే ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టినది. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుండి విడివడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరినది. ఏలుబడి మారినను పొదలు మారలేదు, బట్టీలు ఆరలేదు. గంజాం మొగలిపూవునకు, మొగలినూనెకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించుట మన జిల్లావాసులందరికీ గర్వకారణం.

వాము పువ్వు కథ

పరిమళ తైలం వైద్యశాస్త్రంలో ప్రవేశించిన కథకు నాయకుడు మన వంటింటి వాము. మూలికల దుకాణంలో 'వాము పువ్వు' అని అమ్మే తెల్లని పలుకులు నిజానికి పువ్వు కావు. వాము నూనె నుండి విడివడిన థైమాల్ అను రసాయనం. యూరపులో దీనిని థైమ్ అను మొక్క నుండి 1719లో కాస్పర్ నాయ్‌మన్ అను జర్మను రసాయనికుడు మొదట వేరుచేసినాడు.

1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ అను శస్త్రవైద్యుడు, బండిచక్రం క్రింద పడి కాలు విరిగిన పదకొండేండ్ల బాలుని గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టినాడు. అటువంటి గాయం చీముపట్టి ప్రాణాలు తీయుట ఆనాడు సర్వసాధారణం. ఆ బాలుడు బ్రతికినాడు, కాలు దక్కినది. 1867లో లిస్టర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించినాడు. కార్బాలిక్ ఆమ్లమునకే ఫినాల్ అని పేరు. అది చర్మాన్ని కాల్చే ద్రవ్యం. మన థైమాల్ కూడ ఫినాల్ కుటుంబంలోనిదే. వాసన మంచిది, క్రిమిసంహారక శక్తి ఎక్కువ. 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జోసెఫ్ లారెన్స్ అను వైద్యుడు థైమాల్‌ను, యూకలిప్టస్, పుదీనా జాతుల సారాలను చేర్చి ఒక ద్రావణం తయారుచేసి, లిస్టర్ గౌరవార్థం 'లిస్టరిన్' అని పేరు పెట్టినాడు. నేడు పుక్కిలించు మందుగా అంగళ్ళలో కనబడునది అదే.

అనంతరకాలంలో కొంకిపురుగుల వ్యాధికి థైమాల్ ముఖ్యమైన మందైనది. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం మన దేశపు వాము గింజలు ఓడలకెక్కి జర్మనీ చేరి, అక్కడ థైమాల్‌గా మారి, ఆ రూపంలో లోకమంతటికీ అమ్ముడయ్యేవి. 1914లో యుద్ధం రాగానే ఆ త్రోవ మూసుకొనిపోయినది. అప్పుడు గాని మన గింజ నుండి మన మందును మనమే తీయవలెనన్న ప్రయత్నం ఊపందుకోలేదు. మైసూరు గంధపుచెక్క కథయు ఇట్టిదే. యుద్ధం వలన చెక్క కొనేవారు కరువైనప్పుడు, 1916లో మైసూరు సంస్థానం గంధపునూనె కర్మాగారాన్ని స్థాపించినది. నాటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి ఇంటిపేరులోని మోక్షగుండం నేటి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామమే. ఆ గంధపునూనె ఆనాడు కేవలం పరిమళద్రవ్యం కాదు. సెగవ్యాధికి గుళికలుగా ఇచ్చే మందుగా కూడ దానికి వైద్యగ్రంథాలలో స్థానముండేది.

పరిమళ తైలాల వ్యాపారంలో తెలుగువారి పేరు కూడ లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించినారు. కర్పూరం, యూకలిప్టస్ వంటి ఘాటు ద్రవ్యాలతో కూడిన ఆ లేపనం నొప్పులకు వాడునది. క్రిములపై ప్రయోగించునది కాదు. కాని ఆ లేపనపు ఆదాయమే 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికకు ప్రాణం పోసినది. స్వస్థలానికి దూరంగా తెలుగును బ్రతికించుకొన్న మనవంటి వారికి ఇది గుర్తుంచుకొనదగిన విషయం.

ప్రయోగశాలలో తైలాలు

అనుభవం వేరు, ప్రమాణం వేరు. తైలాలు నిజముగా క్రిములను చంపుతాయా అన్న ప్రశ్నను ప్రయోగశాలలో క్రమపద్ధతిని అడిగినవారిలో ప్రముఖుడు పాశ్చర్ శిష్యుడైన షార్ల్ షాంబర్లాఁ. 1887లో ఆయన అనేక పరిమళ తైలాల ఆవిరులను, ద్రావణాలను ఆంత్రాక్స్ బాసిల్లస్‌పై ప్రయోగించి ఫలితాలు ప్రచురించినాడు.

1903లో రిడీల్, వాకర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏ క్రిమిసంహారిణి ఫినాల్ కంటె ఎన్ని రెట్లు శక్తి గలదో కొలుచు పద్ధతిని రూపొందించినారు. ఆ కొలబద్దతో ఆస్ట్రేలియాలో 1920వ దశకంలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అను రసాయనికుడు అక్కడి 'టీ ట్రీ' ఆకుల నూనెను పరీక్షించి, అది ఫినాల్ కంటె పదకొండు రెట్లు బలమైనదని ప్రకటించినాడు. దీనికి మన తేయాకుతో సంబంధం లేదు. న్యూ సౌత్ వేల్స్ ప్రాంతపు బురదనేలల్లో పెరిగే వేరొక చెట్టు అది. అక్కడి ఆదివాసులైన బుంద్‌జలుంగ్ ప్రజలు ఆ ఆకును ఎంతో కాలంగా గాయాలకు వాడుతుండేవారు. పెన్‌ఫోల్డ్ ప్రకటనతో ఆ నూనెకు వైద్యరంగంలో గిరాకీ ఏర్పడినది. ఆ వైభవం చిరకాలం నిలువలేదు.

యాంటిబయాటిక్‌ల స్వర్ణయుగం

1928 సెప్టెంబరులో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటబడిన బూజు కథ మన విద్యార్థులకు విదితమే. ఆ బూజు నుండి పెనిసిలిన్‌ను మందుగా తీసి రోగికి ఎక్కించుటకు ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ ప్రభృతులు 1941 దాకా శ్రమించవలసి వచ్చినది. 1943లో స్ట్రెప్టోమైసిన్ వచ్చి క్షయరోగుల పాలిట వరమైనది. 1948లో ఆరియోమైసిన్ వచ్చినది.

ఈ చివరి మందు దగ్గర తెలుగువాడు ఒక నిమిషం ఆగి నమస్కరింపవలె. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలోను మద్రాసులోను చదివి, మెట్రిక్యులేషన్‌లో రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కి, 1923లో అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలమది. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనిపెట్టినాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదియే తొలిబిడ్డ. ఆ మందు లోకానికి వెల్లడైన 1948లోనే, ఆగస్టు మాసంలో, సుబ్బారావుగారు కన్నుమూసినారు. తరగతి తప్పిన పిల్లవానిని చులకనగా చూచే తల్లిదండ్రులు ఆయన జీవితం చదువవలె.

స్వతంత్ర భారతం కూడ వెనుకబడలేదు. 1954లో మహారాష్ట్రలోని పింప్రీలో హిందుస్తాన్ యాంటిబయాటిక్స్ సంస్థ ఏర్పడి, మరుసటి సంవత్సరం నుండి పెనిసిలిన్ తయారీ చేపట్టినది. మన పాఠశాల పలకబలపాలతో తప్పటడుగులు వేస్తున్న రోజులవి. మన బడి వయస్సును, యాంటిబయాటిక్‌ల యుగపు వయస్సును దాదాపు ఒక్కటే అని గ్రహించినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగినది. మన తరం పిల్లలు గొంతునొప్పితో, న్యుమోనియాతో, కాలిలో దిగిన మేకుతో చనిపోకుండా బడికి వచ్చినారనగా, అందుకు ఈ మందులు ముఖ్యకారణం. మా తాతగారి తరంలో అట్లు కాదు.

ఇంతటి శక్తి గల మందు చేతికి వచ్చిన పిమ్మట నూనెల గొడవ ఎవరికి కావలెను? టీ ట్రీ నూనె మూలపడినది. గంధపునూనె గుళికలు వైద్యం నుండి తప్పుకొన్నవి. వాము పువ్వు వంటింటి చిట్కాగా మిగిలినది.

క్రిముల తిరుగుబాటు

తిరుగుబాటు మొదటినుండియు ఉన్నది. పెనిసిలిన్ ఇంకను ఆసుపత్రులకు చేరకముందే, 1940లో, దానిని విరుగగొట్టు ఎంజైమును కొన్ని బాక్టీరియాలు తయారుచేస్తున్నవని ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు అబ్రహాం, చెయిన్ ప్రకటించినారు. 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకొన్న సందర్భంలో ఫ్లెమింగ్ స్వయముగా హెచ్చరించినాడు: చాలీచాలని మోతాదులో మందు వాడితే చావని క్రిములు ఆ మందుకు అలవాటుపడి, మరొకరికి సంక్రమించి, ఆ రెండవవాని ప్రాణాలు తీయగలవని.

పెనిసిలిన్‌ను విరుగగొట్టు స్టాఫిలోకాకస్‌ను జయించుటకు మెథిసిలిన్ అను మందు 1959లో వచ్చినది. దానికీ లొంగని స్టాఫిలోకాకస్ ఇంగ్లండులో బయటపడినట్లు 1961లో ప్రకటన వెలువడినది. అదియే నేడు ఎం.ఆర్.ఎస్.ఎ. అను పేర ఆసుపత్రులను భయపెడుతున్న క్రిమి. 2008లో, భారతదేశంలో చికిత్స పొంది స్వీడను చేరిన ఒక రోగిలో, చిట్టచివరి ఆయుధంగా దాచుకొన్న కార్బాపెనెమ్ మందులను కూడ చీల్చివేయు ఎంజైము గల బాక్టీరియా కనబడినది. 2009లో వెలువడిన వ్యాసంలో ఆ ఎంజైముకు మన రాజధాని పేరు కలిపి ఎన్.డి.ఎం.-1 అని నామకరణం చేసినారు. ఆ పేరుపై మన దేశంలో గట్టి అభ్యంతరాలు వ్యక్తమైనవి. పేరు సంగతి ఎట్లున్నను, ముప్పు నిజమైనదే.

బాక్టీరియా ఎట్లు ఎదురు తిరుగుతుంది? కొన్ని మందును కత్తిరించే ఎంజైములను తయారుచేసికొంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును తమ పొరలోని పంపులతో బయటికి తోడివేస్తాయి. కొన్ని మందు తగులవలసిన చోటునే మార్చివేసికొంటాయి. అంతకంటె ప్రమాదకరం, ఈ విద్యను అవి ఒకదానికొకటి నేర్పుకొంటాయి. ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయం రూపంలో ఒక జాతి నుండి వేరొక జాతికి సైతం అది చేరుతుంది. మనం అనవసరంగా మ్రింగిన ప్రతి మాత్ర లొంగే క్రిములను చంపి, లొంగని క్రిములకు జాగా చేసి పెడుతుంది. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, మందులకు లొంగని బాక్టీరియా మూలంగానే 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది మరణించినారని అంచనా.

మరల తైలాల వైపు చూపు

కొత్త యాంటిబయాటిక్‌లు అరుదైనకొలదీ శాస్త్రజ్ఞులు పాత అటకలు వెదకసాగినారు. 1995లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 64 ఎం.ఆర్.ఎస్.ఎ. నమూనాలపై టీ ట్రీ నూనెను ప్రయోగించి, 0.25 శాతం గాఢతలో వాటి పెరుగుదల ఆగినదని, 0.5 శాతంలో అవి చచ్చినవని కనుగొన్నారు. 1999లో ఆ దేశస్థులే 52 రకాల మొక్కల నూనెలను, సారాలను పరీక్షింపగా, పరీక్షకు పెట్టిన సూక్ష్మజీవులన్నింటినీ 2 శాతం లోపు గాఢతలో అడ్డుకొన్న కొద్దిపాటి నూనెలలో మన నిమ్మగడ్డి నూనె ఒకటి.

నూనె పనిచేయు తీరు యాంటిబయాటిక్ తీరు వంటిది కాదు. బాక్టీరియా కణం చుట్టూ కొవ్వు స్వభావం గల పలుచని పొర ఉంటుంది. థైమాల్, కార్వక్రాల్ వంటి ద్రవ్యాలు ఆ పొరలో కరగిపోయి దానిని సడలింపజేస్తాయి. లోపలి పొటాషియం కారిపోతుంది. శక్తి నిల్వలు హరించిపోతాయి. యాంటిబయాటిక్ తాళంచెవి వంటిదైతే, నూనె గోడకు పట్టిన చెమ్మ వంటిది. తాళం మార్చిన క్రిమి తాళంచెవిని మోసగించగలదు. చెమ్మను ఆపుట అంత సులభం కాదు. మెథిసిలిన్‌కు లొంగని క్రిమి కూడ నూనెకు లొంగుటకు కారణమిదే. పైగా ప్రయోగశాలలో కొన్ని తైలద్రవ్యాలను పాత యాంటిబయాటిక్‌తో కలిపినప్పుడు, విఫలమైన మందు మరల పనిచేసిన సందర్భాలున్నవి.

ఇంతకీ టీ ట్రీ నూనెలోని ముఖ్యమైన క్రిమిసంహారక ద్రవ్యం పేరు టెర్పినిన్-4-ఆల్. 1996లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ నూనెలో ఈ ద్రవ్యం కనీసం 30 శాతం ఉండవలసియుండెను. మన గంజాం మొగలినూనెను విశ్లేషించినప్పుడు మొదటి స్థానంలో ఉన్నది దాని తియ్యని పరిమళానికి మూలమైన ఒక ఈథర్. రెండవ స్థానంలో ఉన్నది అదే టెర్పినిన్-4-ఆల్! ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలో నుండి లేచి నిలబడినాను. మా వదినగారి తల్లి చెప్పిన మాటలో సగం నిజమున్నదని నేను వ్రాసినది ఇందుచేతనే.

సగం నిజం ఎందుకు సగమే

ఇక మిగిలిన సగం. సీసాలో చచ్చిన క్రిమి శరీరంలో చావవలెనని లేదు. లెక్క చూడుడు. లొంగే స్వభావం గల స్టాఫిలోకాకస్‌ను అడ్డుకొనుటకు లీటరులో పెనిసిలిన్ మిల్లీగ్రాములో వందవ వంతుల లెక్కన ఉంటే చాలును. టీ ట్రీ నూనె 0.25 శాతమనగా లీటరుకు రెండున్నర మిల్లీలీటర్లు. మనిషి ఒంటిలో సుమారు ఐదు లీటర్ల రక్తమున్నది. అంత నూనె రక్తంలో కలిపితే క్రిమి కంటె ముందు రోగికే అపాయం. పైగా నూనె నీటిలో కరగదు, గాలికి ఆవిరైపోతుంది, రక్తంలోని ప్రొటీనులకు అంటుకొని శక్తి కోల్పోతుంది. అందుచేత రక్తంలో, ఊపిరితిత్తులలో, ఎముకలో పాతుకొన్న క్రిమిని చేరు మార్గం వీటికి లేదు.

చర్మం మీదనైనా పనిచేస్తాయా అని పరీక్షించినారు. 2004లో ఇంగ్లండులో ఎం.ఆర్.ఎస్.ఎ. తమపై మోస్తున్న 224 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, మామూలు చికిత్సతో 49 శాతం మంది, టీ ట్రీ లేపనాలతో 41 శాతం మంది క్రిమి నుండి విముక్తులైనారు. ముక్కులోని క్రిమిని తొలగించుటలో ముపిరోసిన్ లేపనం 78 శాతం, టీ ట్రీ లేపనం 47 శాతం సఫలమైనవి; చర్మం పైపొరల విషయంలో మాత్రం టీ ట్రీ మెరుగుగా ఉన్నది. 2013లో ప్రకటితమైన మరొక పరిశీలనలో, అత్యవసర చికిత్సా విభాగపు రోగులకు ఈ నూనె కలిపిన ద్రవంతో ఒళ్ళు తుడిచినను మామూలు ద్రవంతో తుడిచినదానికంటె గణనీయమైన లాభం కనబడలేదు.

నూనెలకు ఎదురు తిరుగుట క్రిములకు అసాధ్యమనుకొనుట కూడ పొరపాటే. సూడోమొనాస్ అను బాక్టీరియా తన వెలుపలి పొరతోను, పంపులతోను నూనెను సైతం చాలవరకు తట్టుకొనగలదు. మధుమేహపు పుండ్లలో తరచుగా కనబడు క్రిములలో అదియు ఒకటి. ఇక నాణ్యత సంగతి. ఒకే మొక్క నూనె నేల మారితే, ఋతువు మారితే, బట్టీ మారితే మారుతుంది. అంగట్లో అమ్మే అత్తరులో మొగలి పరిమళం ఎంతో, చందనమెంతో, వేరే నూనె ఎంతో కంటితో తెలియదు. పుండు మీద నేరుగా వేసిన గాఢమైన నూనె చర్మాన్ని మండించి పుండును పెద్దది చేయగలదు. మధుమేహం వలన కాలిలో స్పర్శ పోయినవానికి ఆ మంట కూడ తెలియదు.

ఇదియే మా వదినగారికి ఆ రాత్రి నేను చెప్పలేకపోయిన సమాధానం. మా అన్నగారిని కాపాడినది ఆ కాగితం అడుగున మిగిలిన రెండు 'ఎస్'లలో ఒకటి. బొటనవ్రేలు తీసివేయవలసి వచ్చినది. ప్రాణం, పాదం దక్కినవి. ఆ రెండు అక్షరాలు కూడ 'ఆర్'లై ఉండినచో ఏమయ్యేదో తలచుకొనుటకు నాకు ధైర్యం చాలదు. రేపు మన పిల్లలకు, మనుమలకు అట్టి కాగితం చేతికి రాకుండ చూచుట మన అందరి బాధ్యత.

ముగింపు

తల్లిదండ్రులకు నా మనవి స్వల్పం. 2016 నుండి మన ప్రభుత్వం ప్రచారం చేస్తున్న ఎర్రగీత గుర్తు గల మాత్రల పట్టీని వైద్యుని చీటీ లేనిదే కొనవద్దు. జలుబుకు, వైరస్ జ్వరానికి యాంటిబయాటిక్ పనిచేయదు. ఇమ్మని వైద్యుని ఒత్తిడి చేయవద్దు. ఇచ్చినప్పుడు ఆయన చెప్పినన్ని దినాలు వాడుడు. మిగిలిన మాత్రలు దాచి పొరుగువారికి ఇవ్వవద్దు. సుగంధ తైలాలు సహజమైనవి గనుక నిరపాయమని భ్రమపడి పసిపిల్లలకు త్రాగింపవద్దు. కర్పూరం, యూకలిప్టస్ నూనె కొద్దిగా కడుపులోకి పోయినను పసివారికి మూర్ఛలు రాగలవు. వాము నీళ్ళు, మొగలి పరిమళం వాటి స్థానంలో అవి ఉండవలసినవే. మందు స్థానంలో మాత్రం కాదు.

విద్యార్థులకు ఒక మాట. నూనెను నీటిలో కలిసేటంత సూక్ష్మబిందువులుగా మార్చి పుండు వరకు చేర్చు పద్ధతుల కోసం, పాత మందుకు తోడుగా వాడు మార్గాల కోసం నేడు దేశదేశాల ప్రయోగశాలలలో కృషి జరుగుతున్నది. లక్నో కేంద్రంగా గల సుగంధ, ఔషధ మొక్కల పరిశోధనా సంస్థకు హైదరాబాదులోను, బెంగళూరులోను శాఖలున్నవి. ఒకనాడు మన వాము గింజ జర్మనీ వెళ్ళి మందై తిరిగివచ్చినది. మొగలిపొద మన బడి గోడకు కూతవేటు దూరంలో ఉన్నది. దానిలో ఏమున్నదో, ఏది పనిచేయునో, ఏది చేయదో ఓపికగా కొలిచి చెప్పగలవారు ఈ బడి బల్లల మీద నుండియే రావలెనని నా ఆకాంక్ష.

మా అన్నగారు నేడు కర్ర సాయంతో సాయంకాలం గుడికి వెళ్ళి వస్తున్నారు. వదినగారి పూజగదిలో మొగలి అత్తరు సీసా యథాస్థానంలో ఉన్నది. ఆ ఆసుపత్రి కాగితాన్ని నేను నా బల్లసొరుగులో దాచుకొన్నాను. డెబ్బదియైదేండ్లుగా తెలుగు అక్షరాలు దిద్దించిన ఈ సరస్వతీ నిలయం, ఆ కాగితంలోని రెండు అక్షరాల తేడాను కూడ రాబోవు తరాలకు నేర్పుతూ నిండు నూరేండ్లు వర్ధిల్లునుగాక.